నక్షత్రములు లెక్కించుట చాలదు

వేసవి ముంచుకొని వచ్చుచున్నదనగా మలకుపేటనుండి దిల్‌సుఖ్‌నగరము, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి. నగరు కూడలివఱకు సాగు రహదారి నొకసారి చూడవలయును. మెట్రో రైలు స్తంభముల కిరుప్రక్కలనున్న అంగళ్లనుండి ఫ్రిజ్జుల అట్టపెట్టెలు కాలిబాటపైకి దిగివచ్చి నిలుచును. ఏసీలు, కూలర్లు, ఫ్యాన్లు, గీజర్లు, వాషింగు మెషీన్లు వరుసలు తీరి యుండును. విజయవాడ మార్గమును, నాగార్జునసాగరు మార్గమును ఇచ్చటనే నగరమును తాకుచుండుటచే, నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ ప్రాంతముల రైతులు పెండ్లి సారెకు సామాను కొనవలెనన్నచో మొదట దిగునది యీ వీథిలోనే. కొత్తగా ఇండ్లు కట్టుకొను ఉద్యోగులును, హాస్టళ్లు నడుపువారును, కోచింగు కేంద్రములవారును ఇచ్చటనే బేరమాడుదురు.

ఈ సామానుపై కంపెనీవారు వ్రాయించుకొన్న పొగడ్తలు పెక్కు గలవు. వానిలో నెంతవఱకు నిజమో వానిని వ్రాసినవారికే తెలియును. కాని ప్రభుత్వ శాసనముచేత అంటింపబడిన కాగితము మాత్ర మొక్కటి కలదు. అంగళ్లవారు దానిని స్టార్ లేబులందురు. మేము నక్షత్రముల చీటీ యందుము. ఆ యంత్ర మింటికి వచ్చిన పిమ్మట సంవత్సరమునకు సుమారెంత విద్యుచ్ఛక్తి హరించునో తెలుపు మాట దానిపై నున్నది. ఆ మాటను మనవారు చదువుట లేదనియు, చదువుటకు వీలుగా దానిని మన కెవ్వరును వ్రాసి యీయలేదనియు మా ఫిర్యాదు.

మొన్న నొక అంగడిలో మేము నిలుచుండి వినిన సంభాషణ యిది. నల్లగొండవైపునుండి వచ్చిన యొక పెద్దరైతు కుమార్తె కాపురమునకు ఫ్రిజ్జు బేరమాడుచుండెను. "ఇది తీసుకోండ్రి బాపూ, ఫైవ్ స్టారు, కరెంటు మస్తు తక్కువ గుంజుతది," అని అంగడిలోని కుఱ్ఱవాడు నచ్చజెప్పుచుండెను. "తక్కువంటే ఎంత బిడ్డా? ఏడాదికి ఎన్ని యూనిట్లు కాల్తది?" అని రైతు అడిగెను. "గది ఎట్ల చెప్పొస్తది బాపూ? చుక్కలు అయిదున్నయి గద!" అని కుఱ్ఱవాడు చుక్కలపై వ్రేలుంచి చూపెను. ఆ వ్రేలికి రెండంగుళముల క్రింద, సంవత్సరమున కెన్ని యూనిట్లో పెద్ద అంకెలలో ముద్రింపబడియే యున్నది. అంకె ప్రక్కనున్న మాట ఆంగ్లము. అమ్మువాడు దానిని చదువలేదు. కొనువాడు చదువలేకపోయెను. వేల రూపాయలు చేతులు మాఱెను.

అదే రైతు, ఆ వీథిలోనే, నాలుగు అంగళ్ల కావల కుమార్తెకు గొలుసు కొనునప్పుడు హాల్‌మార్కు ముద్ర చూపుమని నిలదీయకుండ పైకము తీయడు. 2021 జూను మొదలుకొని బంగారు నగలకు ఆ ముద్ర నిర్బంధము చేయబడెను గదా. పుత్తడికి గీటురాయి కావలెనని మనకు తాతల నాటినుండి తెలియును. గొలుసు కొన్ననాడే దాని ఖర్చు ముగియును. ఫ్రిజ్జు ఖర్చు కొన్ననాడు మొదలగును.

ఈ చీటీ మన దేశమున పుట్టిన విధమును కొంత చెప్పవలసి యున్నది. 2001వ సంవత్సరమున భారత పార్లమెంటు ఇంధన పరిరక్షణ చట్టమును చేసెను. దాని ననుసరించి 2002 మార్చి 1వ తేదీన బి.ఇ.ఇ. యని వ్యవహరింపబడు ఇంధన సామర్థ్య సంస్థ యేర్పడెను. 2006 మే నెలలో నక్షత్రముల చీటీ పద్ధతి ఆరంభమయ్యెను. మొదట నిది కంపెనీల యిష్టమునకు విడువబడెను. ఇష్టమునకు విడిచిన పని యెట్లు సాగునో మనకు తెలియనిది కాదు. మంచి సరకు చేయువాడు చీటీ అంటించును, నాసి సరకు చేయువాడు ఊరకుండును. కాబట్టి 2010 జనవరి 7వ తేదీనుండి మంచు పేరుకొనని ఫ్రిజ్జులకును, గదులలో నమర్చు ఏసీలకును, ట్యూబు లైట్లకును, పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లకును చీటీ నిర్బంధము చేయబడెను. తరువాత ఒక్కొక్క వస్తువే ఆ జాబితాలో చేరుచు వచ్చెను. ప్రతి యింట తిరుగు సీలింగు ఫ్యానుకు నిర్బంధము వచ్చుటకు మాత్రము 2023 జనవరి 1వ తేదీ వఱకు వేచియుండవలసి వచ్చెను. కలవారి ఏసీకి 2010లోను, లేనివారి ఫ్యానుకు 2023లోను! ఈ వరుస యేల యిట్లు నిర్ణయింపబడెనో మాకు బోధపడలేదు.

ఇతర దేశములవారు ఈ దారిని మనకంటె ముందే పట్టిరి. 1973 నాటి చమురు సంక్షోభముతో కన్నులు తెఱచిన అమెరికా 1980లో గృహయంత్రములపై చీటీలు పెట్టించెను. ఆస్ట్రేలియాలో 1986లో నక్షత్రముల పద్ధతి వచ్చెను. ఐరోపావారు 1992 శాసనముతో అక్షరములచేత తరగతులు నిర్ణయించిరి; కాలక్రమమున సరకంతయు పై తరగతిలోనికే చేరిపోవుటచే, 2021 మార్చిలో ఆ అక్షరములను మఱల మొదటినుండి పేర్చవలసి వచ్చెను. అచ్చటి చీటీలో గమనింపదగిన విశేష మొకటి కలదు. అన్ని భాషలవారికిని తెలియునట్లు వారు మాటలు తగ్గించి బొమ్మలు పెంచిరి. ఎన్నియో భాషలుగల మన దేశమున మనము ఆంగ్లమును పెంచితిమి.

ఇక చీటీలోని సంగతికి వత్తము. నక్షత్రము శాశ్వతమైన బిరుదు కాదు. అది ఆ సంవత్సరపు పరీక్షలో వచ్చిన మార్కు వంటిది. పరీక్ష కొన్నేండ్ల కొకసారి కఠిన మగుచుండును. ఏసీల విషయమే చూడుడు. ఒక సంవత్సరములో యంత్రము గదినుండి తొలగించు వేడిమిని, అందులకై అది హరించు విద్యుత్తుతో భాగించి గుణాంక మొకటి కట్టుదురు. 2018 జనవరినుండి అమలులోనున్న పట్టిక ప్రకారము స్ప్లిట్ ఏసీకి ఆ గుణాంకము 4.50 ఉన్నచో అయిదు నక్షత్రములు లభించెడివి. 2022 జూలైనుండి అయిదు నక్షత్రములకు 5.00 కావలసి వచ్చెను. అనగా 4.60 గుణాంకము గల యంత్రము జూను నెలలో అయిదు నక్షత్రములది, జూలైలో నాలుగింటిది. 3.60 గలది మూడునుండి రెండునకు దిగెను. యంత్రములో నొక మర కూడ మాఱలేదు. కావున "ఫైవ్ స్టారు" అని అంగడివాడు చెప్పగనే "ఏ సంవత్సరపు ఫైవ్ స్టారు?" అని యడుగని కొనుగోలుదారుడు సగము మాటయే వినినవాడు. చీటీపై సంవత్సరమో, చెల్లుబాటు కాలమో ముద్రింపబడి యుండును. పట్టిక మాఱు దినములలో పాత సరకును వదిలించుకొనుటకు భారీ తగ్గింపు లిచ్చుట వ్యాపారధర్మమే. దానిని మేము తప్పు పట్టము. సంవత్సరమును దాచి, నక్షత్రములు మాత్రము చూపుట ధర్మము కాదు.

నక్షత్రములకంటె యూనిట్ల అంకె నమ్మదగినది. నక్షత్రములు తన వర్గములో, తన పరిమాణములో యంత్రమునకు గల స్థానమును మాత్రము చెప్పును. పెద్ద ఫ్రిజ్జు అయిదు నక్షత్రములు గలదైనను, మూడు నక్షత్రముల చిన్న ఫ్రిజ్జుకంటె నెక్కువ యూనిట్లు కాల్చవచ్చును. ఇద్దఱు మనుష్యులున్న యింటికి, నక్షత్రములు చూచి మురిసి, నలుగురి ఫ్రిజ్జు కొనుట పొదుపు కాదు.

ఆ అంకెను కూడ ఇంటి వాడుకనుబట్టి సరిచేసికొనవలెను. ఫ్రిజ్జు రాత్రింబవళ్లు, పన్నెండు నెలలు పనిచేయును. దానికి సెలవు లేదు. ఒకదానిపై 180, వేఱొకదానిపై 250 యని యున్నదనుకొందము. ఏడాదికి 70 యూనిట్ల వ్యత్యాసము పన్నెండేండ్లకు 840 యూనిట్లగును. కావున ఫ్రిజ్జు విషయమున లోభము పనికిరాదు. ఏసీ సంగతి వేఱు. దాని చీటీపైనున్న యూనిట్లు సంవత్సరమునకు 1600 గంటల వాడుక నుద్దేశించి కట్టినవి. వేసవిలో నూఱు రాత్రులు, రాత్రికి ఎనిమిది గంటలు వాడు ఇంటివారికి 800 గంటలే. రెండు యంత్రముల చీటీలపై 1000, 800 యని యున్నచో, ఆ 200 యూనిట్ల భేదము వీరింట నూఱే యగును. యూనిటు తొమ్మిది రూపాయలైనను ఏడాదికి 900 రూపాయలు. అందులకై ముందుగా ఎనిమిది వేలు అధికముగా పెట్టినచో అది తీఱుటకు దాదాపు తొమ్మిదేండ్లు పట్టును. అదే యంత్రమును దినమునకు పన్నెండు గంటల చొప్పున మున్నూఱు దినములు నడపు దుకాణదారునకు 3600 గంటలు. ఆదా 450 యూనిట్లు. యూనిటు పది రూపాయలనుకొన్నచో రెండేండ్లు నిండకుండగనే పెట్టుబడి తిరిగివచ్చును. చుక్క లెక్కువైన దెల్ల అందఱికిని లాభమని చెప్పువాడు లెక్క తెలియనివాడో, సరకు అమ్మువాడో యై యుండును.

గీజరు చీటీలో నింకొక మెలిక కలదు. నీరు నిలువయుండు గీజరునకు నక్షత్రము లిచ్చునది, కాగిన నీరు ఊరక నిలిచియున్నప్పుడు పోవు వేడిమినిబట్టి. చన్నీటిని కాచుట కగు ఖర్చు అన్నిట ఒక్కటియే. కాబట్టి స్నానము కాగానే మీట నార్పు అలవాటున్న యింట ఆ నక్షత్రములకు విలువ స్వల్పము. తెల్లవాఱినది మొదలు ప్రొద్దుక్రుంకువఱకు వెలుగుచుండునట్టి హాస్టలులో దాని విలువ మెండు.

అన్నిటికంటె మేము గట్టిగా చెప్పదలచినది ఫ్యానును గూర్చి. సాధారణమైన పాత ఫ్యాను 75 వాట్లు హరించును. కొత్తరకము, బి.ఎల్.డి.సి. యని పిలువబడునది, సుమారు 30 వాట్లతో అంత గాలియే యిచ్చును. దినమునకు పన్నెండు గంటలు తిరిగినచో నెలకు 16 యూనిట్లు మిగులును. మూడు ఫ్యాన్లున్న యింట నెలకు దాదాపు 49 యూనిట్లు. ఈ 49 యూనిట్లు మన రాష్ట్రపు విద్యుత్తు ధరల పట్టికలో ఏమి చేయగలవో చూడుడు.

2022 ఏప్రిలునుండి తెలంగాణమున అమలునకు వచ్చిన పట్టికలో, నెలకు నూఱు దాటి 200 యూనిట్లవఱకు వాడు కుటుంబము మొదటి నూఱు యూనిట్లకు 3 రూపాయల 40 పైసలు, తరువాతి నూఱింటికి 4 రూపాయల 80 పైసల చొప్పున చెల్లించును. సరిగా 200 వాడినచో విద్యుత్తు మూల్యము 820 రూపాయలు. ఒక్క యూనిటు దాటి 201 అయినచో తరగతియే మాఱిపోవును. మొదటి యూనిటునుండి 5 రూపాయల 10 పైసలు, ఇన్నూఱు దాటినదానికి 7 రూపాయల 70 పైసలు. మొత్తము 1027 రూపాయల 70 పైసలు. అనగా ఆ యొక్క యూనిటు ఖరీదు 207 రూపాయల 70 పైసలు! 230 యూనిట్లు వాడు ఇంటివారు మూడు ఫ్యాన్లు మార్చి 181కి దిగినచో, 1251 రూపాయలు 729కి తగ్గును. నెల కయిదు వందల ఇరువది రెండు రూపాయలు. స్థిరరుసుము మున్నగునవి వేఱు.

తెల్ల రేషను కార్డు గల కుటుంబముల సంగతి యింకను తీవ్రమైనది. 2024 మార్చిలో నారంభమైన గృహజ్యోతి పథకము నెలకు 200 యూనిట్లలోపు వాడినవారికి బిల్లు లేకుండ చేసెను. ఆ గీత దాటిన నెలలో మొత్తము బిల్లు కట్టవలసినదే. సరూర్‌నగరు, గడ్డిఅన్నారము గల్లీలలో రెండు గదుల యింట కాపురముండు కూలివాని కుటుంబము మే నెలలో ఆ గీత దాటుట దాటకపోవుట, పైకప్పున తిరుగు ఫ్యాను వాట్లపై నాధారపడి యున్నది. ఆ కుటుంబము తక్కువ ధరకు వచ్చునని పాత ఫ్యానును, ఏ కాలమునాటిదో తెలియని సెకండుహ్యాండు ఫ్రిజ్జును కొనును. దానిపై చీటీ యుండదు. ఉన్నను చినిగి యుండును.

ఇచ్చట ఇండ్ల యజమానులైన మా పాఠకులను కొంచెము నిష్ఠురముగనే పలుకరింపవలసి యున్నది. ఈ ప్రాంతమున అద్దె కిచ్చుటకే కట్టిన అంతస్తు లెన్ని! ఫ్యాన్లును, గీజర్లును కొనువారు యజమానులు; బిల్లు కట్టువారు అద్దెవారు. కొనువానికి బిల్లు బాధ లేదు, బిల్లు కట్టువానికి కొనుటలో మాట లేదు. గంపగుత్తగా ఇరువది ఫ్యాన్లు కొనునప్పుడు ఒక్కొక్కదానిపై వెయ్యి రూపాయలు మిగిలినవని యజమాని సంతసించును. అద్దెకున్న గుమాస్తా ఆ వెయ్యిని ఒకటి రెండేండ్లలో విద్యుత్తు శాఖకు చెల్లించును; పిదపను చెల్లించుచునే యుండును. హాస్టళ్లు నడుపువారు కొనుటయు, బిల్లు కట్టుటయు తామే యగుటచే ఈ లెక్కను ముందుగా గ్రహించిరి. కొత్తరకపు ఫ్యాను ఈ వీథులలోని హాస్టలు గదులలో మేము చూచినన్ని అద్దె యిండ్లలో చూడలేదు.

భూస్వాములకును ఒక మాట. వ్యవసాయపు పంపుసెట్లకు నక్షత్రముల చీటీ కలదని యెంతమంది యెఱుగుదురు? 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున సేద్యమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమయ్యెను. బిల్లు లేనప్పుడు చీటీ యేల యని రైతు తలంచుట సహజమే. కాని ఆ విద్యుత్తు రామగుండమునందో మఱియొకచోటనో సింగరేణి బొగ్గును కాల్చి చేసినది. దాని మూల్యమును ప్రభుత్వము మన పన్నులనుండియే చెల్లించును. ఎల్.బి. నగరునకు పేరిచ్చిన లాల్ బహదూర్ శాస్త్రిగారు 1965లో దేశప్రజలను వారమున కొక పూట భోజనము మానుడని కోరిరి. జనులు మానిరి. ఇప్పుడు కోరుచున్నది పూట మానుట కాదు. మోటారు కొనునాడు చీటీ చూచుట.

ఇక ప్రభుత్వమువారి కర్తవ్యము. చట్టములో బలము లేకపోలేదు. చీటీ నియమము లుల్లంఘించినవారికి పది లక్షల రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును. 2022 సవరణతో ఒక్కొక్క యంత్రమునకు అదనపు జరిమానా కూడ చేరెను. రాష్ట్రమున ఈ చట్టము నమలుపఱచుటకు నియుక్తమైన సంస్థ పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ. కాని దిల్‌సుఖ్‌నగరపు అంగళ్లలో తూనికలు కొలతల అధికారి యనగా భయపడు వర్తకుని చూచితిమి గాని, చీటీని పరీక్షించు అధికారి వచ్చునని భయపడు వర్తకుని చూడలేదు. తళతళలాడు తగ్గింపు ధరల కాగితమును సరిగా నక్షత్రముల చీటీమీదనే అంటించిన అంగళ్లు మాత్రము చూచితిమి.

భాషావిషయమున మా కోరిక స్పష్టము. తెలుగు రాష్ట్రములలో అమ్ముడగు ప్రతి గృహయంత్రపు చీటీపైనను సంవత్సరము, యూనిట్లు, చెల్లుబాటు కాలము అను మూడు సంగతులు తెలుగులో నుండవలెను. సెల్‌ఫోనులో చూచుకొనుటకు ప్రత్యేకమైన యాప్ కలదు గదా యని కొందఱు చెప్పుదురు. సెల్‌ఫోను తెఱచి ఆంగ్లమున వెదకి చదువగలవానికి చీటీలోని ఆంగ్లము కష్టము కాదు. ఆ సౌకర్యము అక్కఱ లేనివానికే అందినది. ఆయా రాష్ట్రముల ప్రజల భాషలో ఈ మూడు పంక్తులు ముద్రించుటకు కంపెనీల కగు ఖర్చు, వారు సినిమా తారలచేత ప్రకటనలు చెప్పించుట కగు ఖర్చులో లెక్కకు రాదు. ఇరు రాష్ట్రములనుండి పార్లమెంటునకు వెళ్లిన సభ్యులు ఈ ప్రశ్నను ఇంధన శాఖామాత్యుల యెదుట ఏల ఉంచరాదు?

ఢిల్లీనుండి ఉత్తరువు వచ్చువఱకు మన వర్తకులు ఊరకుండ నక్కఱలేదు. అంగడిలోని ప్రతి ఫ్రిజ్జు తలుపుపైనను చేయెడు అట్టముక్క వ్రేలాడదీసి, దానిపై "ఈ చీటీ ఫలానా సంవత్సరపుది, ఏడాదికి ఇన్ని యూనిట్లు, నేటి ధరకు ఇన్ని రూపాయలు" అని సిరాతో తెలుగున వ్రాయించుటకు ఒక గుమాస్తాకు ఒక్క పూట పని. అట్లు వ్రాయించిన మొదటి అంగడి దిల్‌సుఖ్‌నగరములో నైనను, ఎల్.బి. నగరులో నైనను, మాకు కబురంపినచో మేము స్వయముగ వచ్చి చూచి, యీ పత్రికలో ప్రకటించెదము.